రోగనిదానం దగ్గర ఆగిన విమర్శ: తెలుగు మనోవైజ్ఞానిక నవల, మనస్తత్వశాస్త్ర సంప్రదాయాలు

తెలుగు నవలా విమర్శలో ‘మనోవైజ్ఞానిక నవల’ అన్న విభాగం స్థిరపడి చాలా కాలమైంది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, రావిశాస్త్రి ‘అల్పజీవి’, నవీన్ ‘అంపశయ్య’ ఈ సందర్భంలో తప్పక ప్రస్తావనకు వచ్చే రచనలు. అయితే ఆ విభాగం స్థిరపడిన తీరు పరిశీలించదగింది. మనోవిజ్ఞానం అనగానే ఫ్రాయిడ్, ఫ్రాయిడ్ అనగానే అచేతనం, అణచివేత, ఈడిపస్ గ్రంథి. ఈ కొద్దిపాటి పరిభాషతోనే పాత్రల విశ్లేషణ ముగిసిపోవడం పరిపాటి. సిద్ధాంత గ్రంథాల తొలి అధ్యాయంలో వాట్సన్, ఆడ్లర్, యూంగ్, రోజర్స్ అందరూ హాజరవుతారు. నవలలను చదివే అధ్యాయాల దగ్గరికి వచ్చేసరికి వారిలో ఒక్కరూ కనిపించరు.

మనస్తత్వశాస్త్ర శాఖల మధ్య ఉన్న భేదం కేవలం పరిభాషకు సంబంధించింది కాదు. దేన్ని సాక్ష్యంగా స్వీకరించాలన్న దగ్గరే అవి విడిపోయాయి. మనోవిశ్లేషకుడికి కల, నోరు జారిన మాట, చెప్పబోయి ఆపేసిన వాక్యం సాక్ష్యాలు. 1913లో వాట్సన్ వాటన్నిటినీ తోసిపుచ్చి, పైకి కనిపించే ప్రవర్తన ఒక్కటే శాస్త్రానికి పనికొస్తుందన్నాడు. 1960లలో సంజ్ఞానాత్మక చికిత్సకు రూపమిచ్చిన ఆరన్ బెక్, మనిషి తన గురించి తాను అప్రయత్నంగా అనుకునే మాటలను పరీక్షకు పెట్టాడు. సాక్ష్యం మారితే చికిత్సా మారుతుంది. తెలుగు విమర్శ ఈ శాస్త్రం నుంచి రోగనిదానాన్ని అరువు తెచ్చుకుంది. చికిత్సను మాత్రం అక్కడే వదిలేసింది.

దీనివల్ల జరిగిన నష్టం ‘చివరకు మిగిలేది’ పఠనాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. దయానిధి జీవితంపై తల్లి నీడ ఉందన్నది నిర్వివాదం. దాన్ని మాతృగ్రంథిగా నిర్ధారించడంతో చర్చ ముగిసినట్లు భావించడమే చిక్కు. నవల ఇచ్చే సాక్ష్యం వేరు. దయానిధిని వెంటాడేది తల్లిపై కోరిక కంటే తల్లి శీలం గురించి లోకం వేసిన నింద. అతడు ఊరు మారినా ఆ మాట అతని కంటే ముందే అక్కడికి చేరుతుంది. అతని లోపలి గాయానికి ఆనవాళ్లు బయట, నలుగురి నోళ్లలో ఉన్నాయి. నింద మోస్తున్న మనిషిని కోరిక దాచుకున్న మనిషిగా చదివితే, నింద వేసిన సమాజం విచారణ నుంచి తేలిగ్గా తప్పుకుంటుంది.

ఐరోపా సిద్ధాంతాన్ని యథాతథంగా స్వీకరించనక్కరలేదన్న ఎరుక ఈ దేశంలో తొలినాటి నుంచీ ఉంది. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్, తన భారతీయ రోగుల్లో కొన్ని లక్షణాలు ఐరోపా రోగుల్లో ఉన్నంత ప్రబలంగా లేవని నేరుగా ఫ్రాయిడ్‌కే రాశాడు. వైద్యుడు చూపిన ఆ చొరవను మన సాహిత్య విమర్శకుడు చూపలేకపోవడం ఆశ్చర్యమే.

‘అసమర్థుని జీవయాత్ర’ విషయంలో ఫ్రాయిడ్ కంటే ఆడ్లర్ ఎక్కువ పనికొస్తాడు. 1911లో ఫ్రాయిడ్ నుంచి విడిపోయిన ఆడ్లర్ దృష్టిలో మనిషిని నడిపేది గతం కంటే అతడు తన ముందు నిలుపుకున్న లక్ష్యం. ఆత్మన్యూనతను కప్పిపుచ్చుకోవడానికి అందనంత ఎత్తులో ఒక ఆధిక్య స్వప్నాన్ని కల్పించుకుంటాడు. సీతారామారావుకు ఆ స్వప్నం వంశప్రతిష్ఠ రూపంలో వారసత్వంగా వచ్చింది. దాన్ని నిలబెట్టడానికి ఆస్తి కరిగించుకున్నాడు. ఆస్తి కరిగాక ఆ ప్రతిష్ఠే అతణ్ణి లోకద్వేషిగా మార్చింది. అతని వాదనా పటిమ అంతా ఓటమిని సిద్ధాంతంగా మార్చుకునే ప్రయాస.

చికిత్స వైపు నుంచి చూస్తే ఈ నవలలో ఇంతవరకూ తగినంత చర్చకు రాని ఒక వెలితి బయటపడుతుంది. సీతారామారావు చుట్టూ హితవు చెప్పేవారు, తప్పుపట్టేవారు, జాలిపడేవారు ఉన్నారు. వినేవారు లేరు. 1951లో కార్ల్ రోజర్స్ తన చికిత్సా విధానాన్ని గ్రంథస్థం చేస్తూ, తీర్పు చెప్పకుండా, సలహా ఇవ్వకుండా వినడాన్నే దానికి పునాది చేశాడు. ఆ పుస్తకం రాకముందే గోపీచంద్ అటువంటి శ్రోత లేని లోకాన్ని చిత్రించాడు. శ్మశానంలో ముగిసే ఆ జీవితాన్ని ఒక్క వ్యక్తి అసమర్థతగా చదవడం శీర్షికలోని వ్యంగ్యాన్ని వాచ్యార్థంగా తీసుకోవడమే. ‘అల్పజీవి’ సుబ్బయ్య కథలోనూ ఇదే లోపం వేరే స్థాయిలో ఉంది. భయం అతనికి అభ్యాసమైపోయింది. ఇక్కడ అచేతనం జోలికి పోకుండా, ఆ అభ్యాసం ఎక్కడెక్కడ బలపడిందో చూస్తే సరిపోతుంది.

‘అంపశయ్య’ (1969) దగ్గర ఫ్రాయిడ్ మీది మోజు ఏకంగా పొరపాటుగా పరిణమించింది. చైతన్య స్రవంతి అన్న భావన ఫ్రాయిడ్‌ది కాదు. దానికి ప్రాచుర్యం కల్పించింది 1890లో వెలువడిన విలియం జేమ్స్ గ్రంథం. సాహిత్య విమర్శలోకి దాన్ని 1918లో తెచ్చింది మే సింక్లెయిర్. జేమ్స్ చెప్పింది అచేతనం గురించి కాదు, చేతనం గురించి. ఉస్మానియా హాస్టల్లో రవి ఒక్క రోజు ఆలోచనల్లో పదేపదే తిరిగి వచ్చే లేమి, భవిష్యత్తు మీది బెంగ, తోటివారి ముందు చిన్నబోతానన్న భయం అతనికి తెలియనివి కావు. మరీ ఎక్కువగా తెలిసినవి. తవ్వి తీయవలసిన రహస్యం అక్కడ లేదు.

ఈ నవలకు మరింత దగ్గరగా వచ్చే సిద్ధాంతకర్త వైగాట్‌స్కీ. అంతరంగ భాషణ పుట్టుకతో లోపల ఉన్నది కాదనీ, ఇతరులతో ఆడిన మాటే క్రమంగా లోపలికి మళ్లి, కుదించుకుపోయి, కర్తను వదిలేసి ఆఖ్యాతాన్ని మాత్రం మిగుల్చుకుంటుందనీ 1934 నాటి గ్రంథంలో ఆయన ప్రతిపాదించాడు. కర్తను చెప్పకుండానే వాక్యం నడిపించగల తెలుగు ఈ ప్రక్రియకు ఎంతో అనువైన భాష. రవి లోపలి మాటల్లో తెలంగాణ పల్లె, తరగతి గదిలోని ఇంగ్లీషు, పుస్తకాల తెలుగు పరస్పరం ఒరుసుకుంటాయి. అతని అశాంతికి ఆ ఒరిపిడి కూడా ఒక కారణం.

ఈ చర్చ తరగతి గదికి దూరమైనది కాదు. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో ఏన్కూరు వంటి మండలాల గూడేల నుంచి, తండాల నుంచి డిగ్రీకి వచ్చే కోయ, లంబాడా విద్యార్థికి రవి పరాయివాడు కాడు. హాస్టలూ తెలుసు, స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూపూ తెలుసు. అధ్యాపకుడు రవి స్థితిని ‘న్యూరోసిస్’ అని పేరు పెట్టి ముగిస్తే, విద్యార్థి తన బతుకుకూ అదే పేరు రాసుకుంటాడు. రవి లోపల వినిపించే మాటలు ఎవరెవరివి, ఏ భాషలో అంటున్నాడని అడిగితే పాఠం వేరే దారి పడుతుంది. కోయ ద్రావిడ భాష, లంబాడీ ఇండో-ఆర్య భాష. బడి తెలుగు ఈ ఇద్దరికీ తర్వాత వచ్చి చేరింది. వైగాట్‌స్కీ మాట నిజమైతే, ఆ విద్యార్థి అంతరంగంలో ఇంటి భాష ఎక్కడ ఆగి బడి భాష ఎక్కడ మొదలవుతుందన్నది తెలుగు మనోవైజ్ఞానిక నవల ఇంకా చిత్రించవలసిన విషయం. దాన్ని చదవడానికి విమర్శ దగ్గర ప్రస్తుతం ఉన్న పరిభాష చాలదు.