దవడ ఎముక, వెనక మనిషి

పొందూరు ఖద్దరు మీద నేను చూసిన ఫోటో వ్యాసాల్లో చాలావాటిలో వాలుగ చేప దవడ ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో పత్తి ఏకేది దాని పళ్లతోనే. ఫోటోలో సన్నటి పళ్లు, వాటికి చిక్కుకున్న నూగు కనిపిస్తాయి. పట్టుకున్న చెయ్యి మాత్రం మణికట్టు దగ్గరే తెగిపోతుంది.

మాక్రో లెన్సుతో వచ్చే చిక్కే ఇది. వస్తువుని చూపించి, దాని చుట్టూ ఉన్న ఇంటిని తుడిచేస్తుంది. అందుకే నాకు కార్ల్ జైస్ జెనా వాళ్ల పాత 35 ఎం.ఎం. ఫ్లెక్టగాన్ మీద గురి. 1970ల్లో తూర్పు జర్మనీ నుంచి వచ్చిన ఎఫ్/2.4 మోడల్ అది. వైడ్ యాంగిల్ అయ్యుండి కూడా సుమారు 20 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. ఆ లెక్క ఫిల్మ్ దగ్గర్నుంచి కాబట్టి, లెన్సుకీ వస్తువుకీ మధ్య మిగిలేది బెత్తెడు చోటే. అయినా వెనకున్న మనిషీ, రాట్నమూ, గోడా ఫ్రేములోనే ఉంటాయి. ‘యజ్ఞం’లో కారా మాస్టారు చేసింది ఇలాంటి పనే కదా. దగ్గరగా చూపించేది అప్పల్రాముడి అప్పుని. ఊరు మాత్రం పక్కకి పోదు.

కానీ ఈ లెన్సుని మెచ్చుకునేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఎంత దగ్గరకి వెళ్తుందో, వెనకంతా ఎంత మెత్తగా కరిగిపోతుందో. నాకు పేచీ అక్కడే. 20 సెంటీమీటర్ల దగ్గర ఎఫ్/2.4లో తీస్తే, ఏకుతున్న ఆవిడ మొహం ఒట్టి మరక. మాక్రో చేసిన అన్యాయమే మళ్లీ జరిగినట్టు. ఎఫ్/16కి మూస్తే మొహం స్పష్టంగా రాకపోయినా మనిషని తెలుస్తుంది. ఇంట్లో వెలుతురు చాలక షట్టర్ నెమ్మదించి, కదిలే చెయ్యి చెదురుతుంది. చెదరనీ, అది పని చేస్తున్న చెయ్యి.

ఇంకో అబద్ధం కూడా ఉంది. మరీ దగ్గరకెళితే దవడ ఆవిడ తలకన్నా పెద్దదైపోతుంది. రెట్టింపు దూరం వెనక్కి జరిగితే అది మళ్లీ పనిముట్టు సైజుకొస్తుంది. అంటే ఈ లెన్సు విలువ దాని చివరి గీతలో లేదు, ఆ గీతకి ముందే ఆగగలగడంలో ఉంది.

టెలిఫోటోతో గుమ్మం బయట నిలబడి, ఆవిడకి తెలియకుండా తీసుకోవచ్చు. దీంతో అలా కుదరదు. పత్తి కాస్త పక్కకి జరిపి ఆవిడ చోటిస్తే తప్ప ఈ లెన్సుకి అక్కడ పనే లేదు.