జుర్రుకుంటేనే తెలిసే అరకు

ఇంట్లో ఎవరైనా కాఫీని జుర్రుమని తాగితే పెద్దవాళ్లు కసురుతారు. రుచి చూసే నిపుణుల బల్ల దగ్గర మాత్రం చప్పుడు చేయకుండా తాగడమే తప్పు. లోతైన గుండ్రటి చెంచాతో కాఫీ తీసుకుని, గాలితో కలిపి ఒక్కసారిగా లోపలికి లాగాలి. అది తుంపరై నాలుకంతా పరుచుకోవాలి, దాని ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కుకెక్కాలి. రుచి అని మనం అనుకునేదాంట్లో పెద్ద వాటా ముక్కుదే మరి. తర్వాత ఉమ్మేయడమే. ఒక పూటలో పదుల కప్పులు చూసేవాళ్లు అన్నీ మింగితే సాయంత్రానికి చేతులు వణుకుతాయి.

ఈ పరీక్షను కప్పింగ్ అంటారు. అరకు, పాడేరు, చింతపల్లి కొండల కాఫీకి ఇవాళ ఉన్న పేరులో దీని పాత్ర తక్కువేమీ కాదు. తూర్పు కనుమల్లో కాఫీ మొక్క పాతదే. 1898లో బ్రిటిష్ వాళ్లు ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా పాములేరు లోయలో నాటారు. ఆ తర్వాత అటవీ శాఖ వచ్చింది, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ వచ్చింది. పోడు మాన్పించడానికి గిరిజన కుటుంబాలకు సిల్వర్ ఓక్ నీడన కాఫీ తోటలు వేయించారు. మొక్క నిలదొక్కుకుంది, పేరు రావడానికే చాలా కాలం పట్టింది. గింజలు ఇతర ప్రాంతాల సరుకులో కలిసిపోతే ఏ కొండవో ఎవరికి తెలుస్తుంది? నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ‘జెమ్స్ ఆఫ్ అరకు’ పేరుతో పోటీలు పెట్టి, విదేశీ నిపుణుల చేత రైతుల కాఫీని విడివిడిగా రుచి చూపించింది. 2017లో పారిస్‌లో అరకు దుకాణం తెరుచుకుంది. 2019లో ‘అరకు వ్యాలీ అరాబికా’కు భౌగోళిక గుర్తింపు దక్కింది.

పరీక్షలో కొలతలకు పట్టింపు ఎక్కువ. 150 మిల్లీలీటర్ల నీళ్లకు 8.25 గ్రాముల పొడి. గింజల్ని లేతగా వేయించి, కొన్ని గంటలు ఆగి, కాస్త బరకగా ఆడతారు. ఒకే సరుకుతో అయిదు కప్పులు పెడతారు. ముందు పొడి వాసన చూస్తారు, తర్వాత 93 డిగ్రీల నీళ్లు పోసి నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేస్తారు. పైన పొడి తెట్టులా కడుతుంది. ముక్కు కప్పు మీదికి వంచి, చెంచాతో ఆ తెట్టును తొలగించే క్షణంలో వచ్చే వాసనే అన్నిటికన్నా నిజాయితీగలది. దాన్ని మళ్లీ రప్పించలేరు.

ఇక్కణ్ణుంచి ఓపిక కావాలి. కాఫీ వేడి దిగేకొద్దీ తన గుట్టు విప్పుతుంది. 70 డిగ్రీల దగ్గర వాసన, రుచి, మింగాక మిగిలే జాడ తెలుస్తాయి. ఇంకొంచెం చల్లారితే పులుపు, చిక్కదనం తేలతాయి. తీపి, శుభ్రత ఒంటి వేడికి దిగాక గానీ బయటపడవు. పొగలు కక్కుతున్నప్పుడే గ్లాసు ఖాళీ చేసే మన అలవాటులో సగం రుచి తెలియకుండానే పోతుంది.

పులుపు అనగానే తెలుగువాళ్లు మొహం చిట్లిస్తారు. కానీ లేత చింతకాయ పులుపు వేరు, పులిసిపోయిన మజ్జిగ పులుపు వేరు. మొదటిది కాఫీకి ప్రాణం, రెండోది రోగం. చిక్కదనం విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. డికాక్షన్ నల్లగా, చేదుగా ఉంటే చిక్కన అనుకుంటాం. నిపుణులు బాడీ అనేది రంగూ కాదు, చేదూ కాదు. నాలుకను అంగిలికి ఆనించినప్పుడు తగిలే బరువు అది. గింజలోని నూనెలు, కరిగిన పిండిపదార్థాలు, వడపోతలో జారిన సన్నటి నలుసులు దాన్నిస్తాయి. కాగితం ఫిల్టర్ నూనెల్ని పట్టేస్తుంది కాబట్టి అదే గింజ పలచగా అనిపిస్తుంది, స్టీలు ఫిల్టర్లో నిండుగా ఉంటుంది. లంక పొగాకు చుట్ట కాల్చేవాళ్లకూ ఘాటు ఒకటి, నోట్లో నిండే పొగ ఇంకొకటి. చుట్ట చేసే చేటు వేరే సంగతి, తేడా పసిగట్టే పద్ధతి మాత్రం ఒకటే.

అయిదు కప్పులు ఎందుకంటే, ఒక పిడికెడు చెడ్డ గింజలు ఏదో ఒక కప్పులో దొరికిపోతాయి. ఆ దొరికేది కొండ మీద జరిగిన పనే. పచ్చికాయలు కోస్తే నోరు వగరెక్కుతుంది. కోసిన పండ్లు రాత్రంతా కుప్పలో మగ్గితే కుళ్లు వాసన. మట్టి నేల మీద ఆరబోస్తే మట్టి రుచి. గింజ చుట్టుపక్కల వాసనల్ని పీల్చుకునే రకం, తడి గోనెసంచినీ వదలదు. అందుకే ఎర్రగా పండినవే ఏరి, ఒకే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. అదే రోజు తోలు తీసి, జిగురు వదిలేదాకా ఊరబెట్టి, కడిగి, ఎత్తయిన మంచెల మీద పలచగా ఆరబెట్టాలి. ఒకటి రెండు ఎకరాల కుటుంబానికి ఇది మామూలు చాకిరీ కాదు. కొమ్మనున్న పండ్లన్నీ ఒకేసారి దూసి, తోలు తీయకుండానే ఆరబోసి అమ్ముకోవడం ఎంతో సుఖం. ఎర్రపండుకు తేడాగా ధర పలకకపోతే ఏ రైతయినా అదే చేస్తాడు. కప్పింగ్ విలువ అక్కడుంది: రుచిని అంకెగా మార్చి, ఆ అంకెను ధరగా అడిగే అవకాశం ఇస్తుంది.

చాలాకాలం పాటు వాడుకలో ఉన్న పద్ధతిలో పది గుణాలకు పదేసి మార్కులు, 80 గానీ ఆపైన గానీ వస్తే స్పెషాలిటీ. ఆ అంకెను మరీ నెత్తినెక్కించుకోనక్కర్లేదు. 84కీ 85కీ తేడా ఆ రోజు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల నాలుకల మీద కూడా ఆధారపడుతుంది. రుచి చూసేవాళ్లు బ్లూబెర్రీ, బెర్గమాట్ అంటూ రాసుకునే పోలికలు చదివి బెదరనూ అక్కర్లేదు. మన నాలుకకు పనస తొన తెలుసు, తాటి బెల్లం తెలుసు, నారింజ తొక్క తెలుసు. జ్ఞాపకంలో ఉన్న రుచినే నాలుక పోల్చుకోగలదు.

ఇంట్లో ప్రయత్నించేవాళ్లు మొదట ప్యాకెట్ చదవాలి. మిశ్రమంగా అమ్మే పొడిలో 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చు, ఆ శాతం ప్యాకెట్ మీద ముద్రించి ఉంటుంది. చికోరీ తెచ్చే నలుపు, బరువు గింజవి కావు. అరకు గింజలు ఒక ప్యాకెట్, చిక్కమగళూరు గింజలు ఒక ప్యాకెట్ పక్కపక్కన పెట్టుకుని, పాలూ పంచదారా లేకుండా, అరగంట సేపు చల్లారుతుండగా చెంచాడు చెంచాడుగా జుర్రాలి. ఎవరూ కసరని వేళ చూసుకుంటే మంచిది.