ఎర్ర ఫిల్టరు, నల్లటి ఆకాశం

నలుపు తెలుపు ఫొటో అంటే రంగులు తీసేసిన ఫొటోయే కదా అనుకునేవారు ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పని చూడాలి. 1927 ఏప్రిల్‌లో ఆయన కాలిఫోర్నియాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండ ఎదుట కెమెరా నిలబెట్టాడు. పసుపు ఫిల్టరుతో ఒక గాజు ప్లేటు వాడేశాడు. అందులో కొండ ఉన్నది ఉన్నట్టు వస్తుందిగానీ, దాన్ని చూసి తనకు పుట్టిన దడ రాదని వెంటనే తట్టింది. మిగిలింది ఒక్క ప్లేటు. ఈసారి ముదురు ఎర్ర ఫిల్టరు బిగించాడు. ఎరుపు నీలిరంగును ఆపేస్తుంది కాబట్టి ఆకాశం దాదాపు నల్లబడింది, మంచు మెరిసింది, బండ మీదికి వచ్చినట్టు నిలిచింది.

మీట నొక్కకముందే ప్రింటును మనసులో చూసుకోవడం ఆయన పద్ధతి. మిగతా పనంతా చీకటిగదిలోనే. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరిమీద చంద్రోదయం తీసేటప్పుడు లైట్‌మీటరు చేతికి దొరకలేదు; చంద్రుడి వెలుగు లెక్క గుర్తుండబట్టి ఎక్స్‌పోజరు కట్టాడు. ఆ నెగెటివ్‌ను దశాబ్దాలపాటు ప్రింటు చేశాడు. ఒకచోట కాంతిని అడ్డుకుంటూ, మరోచోట ఎక్కువసేపు పడనిస్తూ, ఆకాశాన్ని నలుపు చేస్తూ పోయాడు. పియానో నేర్చినవాడు కదా, ఒకే కీర్తనను కచేరీ కచేరీకీ కొత్తగా వాయించినట్టు! తొలి ప్రింట్లలో ఆకాశంలో కనిపించే పలచని మబ్బులు తర్వాతివాటిలో మాయం. ఇది మోసమనేవాళ్లతో నేను ఏకీభవించను. నాకు ఆ తర్వాతి ప్రింట్లే గొప్పవి.

ఫోన్లో ఒక్క నొక్కుతో రంగులు తీసేసే ముందు, ఆకాశం ఎంత నల్లగా ఉండాలో మీరూ ఒకసారి అనుకుని చూడండి.