‘దిమ్మరి’ అనే మాట: యూరప్ రోమాలు, భద్రాచలం సరిహద్దు గుత్తికోయలు – ఒక పరిశీలన

2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలం ఎర్రబోడు వద్ద ఫారెస్టు రేంజి అధికారి చలమల శ్రీనివాసరావు హత్యకు గురయ్యారు. అటవీశాఖ పెంచుతున్న మొక్కల తోటలో పశువులను మేపడం దగ్గర మొదలైన వివాదం ఆ హత్యకు దారితీసింది. కొద్దిరోజులకే బెండాలపాడు గ్రామపంచాయతీ, తమ పరిధిలోని గుత్తికోయలను ఛత్తీస్‌గఢ్‌కు పంపివేయాలని తీర్మానించింది. 2023లో కొత్తగూడెం న్యాయస్థానం ఇద్దరిని దోషులుగా నిర్ధారించి యావజ్జీవ శిక్ష విధించింది. న్యాయస్థానానికి ఇద్దరు నేరస్థులు కనిపించిన చోట తీర్మానానికి ఒక తెగ మొత్తం కనిపించింది.

ఈ ఘటనకు పదిహేనేళ్ళ ముందు ఇటలీలో జరిగినది దీనితో పోల్చదగినది. 2007 అక్టోబరు చివర రోమ్ నగర శివారులో ఒక ఇటాలియన్ మహిళపై దాడి జరిగింది, ఆమె మరణించింది. నిందితుడు రుమేనియా నుంచి వచ్చిన రోమా జాతీయుడు. రోజుల వ్యవధిలో విదేశీయుల బహిష్కరణను సులభం చేసే అత్యవసర శాసనం వచ్చింది, రోమాల గుడిసెలపై బుల్‌డోజర్లు నడిచాయి. 2008 మే నెలలో మూడు ప్రాంతాలలో ఏకంగా ‘సంచార జాతుల అత్యయిక స్థితి’ని ప్రకటించారు. వరదలకూ భూకంపాలకూ ఉద్దేశించిన చట్టాన్ని ఒక జాతి ఉనికిపై ప్రయోగించడం ఇక్కడి విశేషం. 2011లో ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ ప్రకటన చెల్లదని తేల్చింది. అప్పటికి గుడిసెలు పోయాయి.

ఈ రెండు ఘటనలలో సమానమైనది కోపం మాత్రమే అయితే అది సామాజిక శాస్త్రజ్ఞుల పరిశీలనకు చెందుతుంది. సాహిత్య విద్యార్థికి పని కల్పించే అంశం వేరే ఉంది. రెండుచోట్లా ఒక మాట ముందుగా సిద్ధమై ఉంది. అక్కడ ‘సంచారి’, ఇక్కడ ‘వలసవాడు’. తిరగడం వారి స్వభావమని మాట నిర్ణయించిన తరువాత, పంపివేయడం హింసగా కాక స్వభావానికి అనుగుణమైన చర్యగా కనిపిస్తుంది. స్వభావంగా చెప్పబడుతున్న ఆ ‘తిరుగుడు’ నిజానికి తరిమివేతల చరిత్రకు పెట్టిన మరో పేరు. ఆ పేరు వెనుక నడిచిన దారిని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రోమాల భాష ఇండో ఆర్య కుటుంబానికి చెందినది. ఆ భాషలో ‘రోమ్’ అంటే మనిషి, భర్త. వారిని ఇతరులు పిలిచిన పేర్లలో ఏదీ వారిది కాదు. ఈజిప్టు నుంచి వచ్చారన్న పొరపాటు నుంచి ‘జిప్సీ’ పుట్టింది. జర్మన్, రుమేనియన్ వంటి భాషలలోని పేర్లకు మూలం గ్రీకులో ఒక మతశాఖకు ఉన్న పేరని భాషావేత్తలు చెబుతారు. దాని అర్థం ‘తాకనివారు’ లేదా ‘తాకరానివారు’. ఈ అర్థాన్ని తెలుగు పాఠకునికి వివరించవలసిన అవసరం లేదు. మోల్దావియా, వలాకియాలలో 19వ శతాబ్ది మధ్యభాగం వరకు రోమాలు బానిసలు. భూస్వామికీ మఠానికీ కట్టుబడి, కదిలే హక్కులేని మనుషులు. అంటే ‘సంచార జాతి’గా ప్రసిద్ధి పొందినవారిలో పెద్దభాగం శతాబ్దాలపాటు కదలడానికి వీలులేని స్థితిలో బతికారు. నేడు కూడా మధ్య, తూర్పు యూరప్‌లోని రోమాలలో అత్యధికులు స్థిరనివాసులే. అయినా 1980ల నుంచి ఇటలీలో పలు ప్రాంతాలు ‘సంచార సంస్కృతి పరిరక్షణ’ పేరుతో చట్టాలు చేసి, నగరాల అంచులలో ‘సంచారుల శిబిరాలు’ ఏర్పరచాయి. యుగోస్లావియాలో ఇళ్ళు వాకిళ్ళు కలిగి, యుద్ధం వల్ల పారిపోయి వచ్చిన కుటుంబాలను కూడా ఆ శిబిరాలలోనే ఉంచారు. పేరు మనుషులను వర్ణించలేదు, తనకు తగినట్లుగా వారిని తయారు చేసుకుంది.

ఈ పేరు ఎంతవరకు పోగలదో జర్మనీ చెబుతుంది. నాజీల చేతిలో రోమా, సింతీ ప్రజలు లక్షల సంఖ్యలో చంపబడ్డారు. యుద్ధానంతరం పరిహారం కోరినవారికి 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం చెప్పిన సమాధానం, 1943కు ముందు వారిని తరలించడం జాతి కారణంగా జరిగినది కాదని, వారి స్వభావం కారణంగా జరిగిన భద్రతా చర్య అని. పశ్చిమ జర్మనీ ప్రభుత్వం దీనిని జాతి విధ్వంసంగా అంగీకరించడానికి 1982 వరకు పట్టింది. చంపినవాడి వర్గీకరణే తీర్పులో తర్కంగా నిలవడం ఇక్కడ గమనార్హం.

సాహిత్యం ఈ విషయంలో నిర్దోషి కాదు. సెర్వాంటెస్ 1613లో ప్రచురించిన కథలలో ప్రెసియోసా అనే జిప్సీ యువతి అందానికీ శీలానికీ నిలయం. చివరకు ఆమె జిప్సీ కాదని, పసితనంలో అపహరణకు గురైన కులీన కుటుంబపు బిడ్డ అని తేలుతుంది. విక్టర్ హ్యూగో 1831 నాటి నవలలో ఎస్మెరాల్డా విషయమూ అంతే, పుట్టుకతో ఆమె రోమా కాదు. అంటే ఆ జాతి స్త్రీకి గౌరవం దక్కాలంటే ఆమె ఆ జాతి స్త్రీ కాకుండా పోవాలి. పైగా పిల్లలను ఎత్తుకుపోతారన్న అపవాదు కథాసంవిధానంలో భాగమై కూర్చుంది.

తెలుగులో దీనికి దగ్గరగా ఉన్న నిర్మాణం ఒకటుంది. శ్రీనివాస కల్యాణ గాథలో ఎరుకల స్త్రీ ఆకాశరాజు అంతఃపురంలోకి వచ్చి సోది చెబుతుంది, ధరణీదేవి ఆమెను ఆదరిస్తుంది. ఆ వచ్చింది సాక్షాత్తు శ్రీనివాసుడు. యక్షగానాలలో ఎరుకతకు దక్కే మన్నన చాలావరకు ఇటువంటి వేషానికి దక్కే మన్ననే. రాజగృహపు గడప దాటిన ఎరుకత ఎరుకత కాదు. అయితే తెలుగు కథకు ఒక వెసులుబాటు ఉందని ఒప్పుకోవాలి. ఇక్కడ దేవుడు ఆ వేషం వేసుకోవడానికి సంకోచించలేదు, ఆమె మాటను నమ్మదగిన మాటగా భావించాడు. సెర్వాంటెస్ నాయికకు ఆ పాటి గౌరవం కూడా జాతి పరంగా లేదు. ఇక పట్టణాల వీధులలో ఈక కిరీటంతో, వేర్లమూటతో తిరిగి జాతకం చెప్పే ‘కోయదొర’ వేషం సంగతి వేరు. గోదావరి ఒడ్డున వరి, జొన్న పండించే కోయ రైతుకూ ఆ వేషానికీ సంబంధం అతి స్వల్పం. అయినా మైదాన ప్రాంతపు తెలుగువాడి ఊహలో కోయ అన్న మాటకు మొదట మెదిలే రూపం అదే.

కోయలు తమను తాము ‘కోయితోర్’ అని చెప్పుకుంటారు. ‘రోమ్’ వలెనే దాని అర్థమూ మనిషి అనే. ‘గుత్తి’ అన్నది మాత్రం బయటివారు చేర్చిన ముక్క. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్, దంతెవాడ ప్రాంతాల నుంచి వచ్చిన ఈ ప్రజలు అక్కడ మురియాలుగా, దోర్లాలుగా పిలవబడుతూ షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. గోదావరి పరివాహకంలోకి రాగానే పేరు మారింది, పేరుతోపాటు హోదా పోయింది. గుట్టలపై ఉండేవారు కనుక ‘గుట్టకోయ’, అదే ‘గుత్తికోయ’ అయిందన్న వ్యుత్పత్తి ఒకటి ప్రచారంలో ఉంది. ‘ట్ట’ ‘త్తి’గా మారడం తెలుగు ధ్వని పరిణామంలో సాధారణం కాదు కనుక ఈ వ్యుత్పత్తిని అంత తేలికగా అంగీకరించలేము. కానీ ఇందులో పరిశోధకులు పట్టించుకోవలసిన చిక్కు ఒకటి దాగి ఉంది. తెలంగాణ షెడ్యూల్డు తెగల జాబితాలో కోయ అన్న పద్దు కింద దోలి కోయ, కమ్మర కోయ వంటి ఉపశాఖలతోపాటు ‘గుట్ట’ అనో ‘గుత్త’ అనో చదవదగిన ఒక పేరు ఉంది. అధికారిక జాబితా ఇంగ్లీషు లిపిలో ఉంది. ఆ లిపిలో టకారానికీ తకారానికీ తేడా తెలియదు. మనుషుల హక్కు ఆధారపడిన మాటను వారి భాషలోనూ కాక, పొరుగువారి భాషలోనూ కాక, ఆ రెంటి శబ్దాలను పలికించలేని లిపిలో నమోదు చేయడం వలసపాలన నుంచి వచ్చిన అలవాటు. ధ్రువపత్రం కోరిన మనిషికి ఈ అక్షర వివాదంతో పని లేదు, అయినా దాని ఫలితం అతని మీదే పడుతుంది.

చట్టం వైపు నుంచి చెప్పే కారణం స్పష్టంగానే ఉంది. షెడ్యూల్డు తెగ హోదా రాష్ట్రాన్ని బట్టి వర్తిస్తుంది, రాష్ట్రం మారినవారికి అది వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు తెలుగుదేశం నుంచి బొంబాయి వెళ్ళిన విద్యార్థికి సంబంధించినది కావడం యాదృచ్ఛికమే కానీ గుర్తుంచుకోదగినది. అయితే రాష్ట్రం మారడం అంటే ఏమిటి? భద్రాచలం చరిత్ర ఈ ప్రశ్నను సులభంగా వదలనివ్వదు. 1874 వరకు భద్రాచలం తాలూకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. ఆ తరువాత మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం కారణంగా కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016లో జిల్లా పేరూ మారింది. శబరి ఒడ్డున ఒకే గుడిసెలో తరతరాలుగా ఉన్న కుటుంబం ఎన్ని పాలనల కింద బతికిందో లెక్క వేయవచ్చు. ఆ కుటుంబాన్ని ఎవరూ దిమ్మరి అనలేదు. గీత కదిలితే పరిపాలన, మనిషి కదిలితే చొరబాటు.

గుత్తికోయల రాకలో ప్రధాన ఘట్టానికి తేదీ ఉంది. 2005 జూన్‌లో బస్తరులో సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళు తగులబడ్డాయి, ఒకవైపు శిబిరాలు, మరోవైపు మావోయిస్టులు, మధ్యలో పల్లె. వేలమంది అడవి దాటి చర్ల, దుమ్ముగూడెం, కుక్కునూరు వైపు వచ్చారు. ప్రత్యేక పోలీసు అధికారుల పేరిట గిరిజన యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంతలో అటవీ హక్కుల చట్టం వచ్చింది. భూమిపై హక్కు కోరాలంటే 2005 డిసెంబరు 13 నాటికే అక్కడ సాగులో ఉండాలని అది నిర్దేశించింది. ఊరు తగులబడిన ఏడాదే గడువు ఏడాది కూడా. వదిలి వచ్చిన పోడు మీద సాగు ఆగిపోయింది, కొత్త పోడు గడువు దాటింది. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో వీరి గుడిసెలను కూల్చివేసినప్పుడు వాడిన మాట ‘ఆక్రమణ’. అదే మనుషులు మిరప కోతల కాలంలో ఖమ్మం, భద్రాచలం రైతులకు ఆక్రమణదారులు కారు, కూలీలు. ఊరు పొమ్మంటోంది కాడు రమ్మంటోంది అని వృద్ధాప్యాన్ని గురించి అంటారు. వీరి విషయంలో ఊరికి చేతులు కావాలి, అడవి మాత్రం పొమ్మంటోంది.

స్థానిక కోయల భయాన్ని ఇక్కడ తోసిపుచ్చడం న్యాయం కాదు. 1/70 చట్టం ఉండగానే భూములు చేజారడం చూసినవారు, రిజర్వేషన్ వాటా ఎంత సన్ననిదో తెలిసినవారు కొత్తవారిని చూసి జంకుతారు. పౌరులకు దేశమంతటా నివసించే హక్కు ఇచ్చిన రాజ్యాంగమే, షెడ్యూల్డు తెగల ప్రయోజనం కోసం ఆ హక్కును పరిమితం చేయవచ్చునని కూడా చెప్పింది. అయితే ఆ ఏర్పాటు ఆదివాసి భూమిని ఆదివాసేతరుల నుంచి కాపాడడానికి ఉద్దేశించినది. ఒకే భాషాకుటుంబానికి, దగ్గర గోత్రాలకు చెందిన ఆదివాసుల మధ్య దాన్ని గోడగా నిలపడం దాని ఉద్దేశాన్ని తిరగవేయడమే.

తెలుగు సాహిత్యం ఈ చోట తడబడడానికి కారణం దాని కథాచట్రంలో ఉంది. అడవి నవలలో సాధారణంగా బయటి నుంచి వచ్చేవాడు షావుకారు, అటవీ ఉద్యోగి, లేదా దొర. అడవిలో ముందునుంచీ ఉన్నవాడు ఆదివాసి. వచ్చినవాడు దోచుకుంటాడు, ఉన్నవాడు ఎదిరిస్తాడు. గుత్తికోయ ఈ చట్రంలో ఇమడడు. ఆదివాసీ అతడే, బయటి నుంచి వచ్చినవాడూ అతడే. అందువల్ల అతని గురించి రాయబూనినప్పుడు రచన జాలికి గానీ వార్తకు గానీ జారిపోయే ప్రమాదం ఉంది. నిజానికి ఈ చట్రాన్ని బద్దలు కొట్టగల ఉదాహరణ తెలుగు పాఠకుని చేతిలోనే ఉంది. అల్లం రాజయ్య, సాహు రచించిన నవలకు నాయకుడైన కొమురం భీము సొంత ఊరిలో స్థిరంగా కూర్చున్న మనిషి కాదు. సంకేపల్లి వదిలి సుర్దాపూర్ వెళ్ళిన కుటుంబం అతనిది. అస్సాం వరకు పోయి వచ్చినవాడు. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగేనాటికి అతడు నిలబడినది, తరిమివేతకు గురైన గోండులు కొత్తగా అడవి కొట్టి వేసుకున్న పన్నెండు ఊళ్ళ కోసం. భీము కదలికను పోరాటంగా చదివిన పాఠకుడే చర్ల అడవిలోని గుడిసెను ఆక్రమణగా చదువుతున్నాడు.

ఎరుకల వారి చరిత్ర కూడా ఇటువంటిదే. ఉప్పు, ధాన్యం గాడిదలపైనా ఎద్దులపైనా వేసుకుని కోస్తా నుంచి లోపలి ప్రాంతాలకు చేర్చిన వర్తకులు వారు. రైలుమార్గాలూ ఉప్పు విధానమూ ఆ వర్తకాన్ని దెబ్బతీశాయని మీనా రాధాకృష్ణ పరిశోధన చూపింది. దారి మిగిలింది, బేరం పోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది, స్టూవర్టుపురం వెలసింది. 1952లో చట్టం పోయింది, ఊరి పేరుకు అంటిన అర్థం మాత్రం వాడుకలో ఉండిపోయింది.

భద్రాచల స్థలగాథలో రామదాసు కంటే ముందు పోకల దమ్మక్క అనే ఆదివాసి స్త్రీ ఉంది. పుట్టలో దొరికిన విగ్రహాలకు ఆమె వేసింది తాటాకు పందిరి. ఆ పందిరికి ఆమె ఎవరి అనుమతీ అడిగినట్లు గాథ చెప్పదు. 2006లో అదే గోదావరి ఒడ్డున, పారిపోయి వచ్చిన తల్లికి పుట్టిన బిడ్డకు 2024లో ఓటుహక్కు వయసు వచ్చింది. బస్తరును ఆ బిడ్డ చూసి ఉండకపోవచ్చు. కుల ధ్రువపత్రం దరఖాస్తులో, పత్రికా వార్తలో, పంచాయతీ తీర్మానంలో ఆ బిడ్డ పేరు ముందు ఇప్పటికీ చేరే విశేషణం ‘వలస’.