దిబ్బ దగ్గర చదువు

నేలను సారవంతం చేయడం పల్లెల్లో ఎవరూ పాఠంగా చెప్పిన విద్య కాదు. కొట్టంలో ఊడ్చిన పేడ, పశువులు వదిలేసిన చొప్ప, పొయ్యిలోని బూడిద తట్టకెత్తి దిబ్బ మీద పోసి రావడం ఇంటి పిల్లల పని. వేసవిలో ఆ దిబ్బను తవ్వి బండ్లకెత్తేటప్పుడు, తాము మోసిన పేడా చొప్పా నల్లగా, పొడిపొడిగా మారి వాళ్లకే కనిపించేవి. ఏది ఎన్నాళ్లకు చివుకుతుందో, చివకని పెంట పొలానికి తోలితే చెదలు ఎందుకు పడతాయో ఆ పనిలోనే తెలిసేది. పశువులు తగ్గి, ఎరువంటే బస్తాలో వచ్చేదే అయ్యాక ఆ చదువు తెగింది. ఇప్పుడు దాన్ని బడి ఆవరణలోనో పెరట్లోనో పనిగట్టుకుని నేర్పాల్సి వస్తోంది. 1937లో గాంధీజీ ముందుంచిన నయీ తాలీం చేతిపని చుట్టూనే చదువు సాగాలంది. ఈ విద్యకు అంతకన్నా తగిన దారి లేదు.

నత్రజని, భాస్వరం, పొటాష్ అని వల్లె వేయించడం ఆరేడేళ్ల పిల్లల దగ్గర దండగ. మొదట మట్టిని పట్టుకోనివ్వాలి. తడిపి ఉండ చేయమంటే రేగడి గట్టిగా ఉండ కడుతుంది, తాడులా సాగుతుంది. దుబ్బ మట్టి వేళ్ల మధ్యే విడిపోతుంది. తరువాత రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, చెట్టు కింద ఆకులు చివికిన చోటి ఎండుగడ్డను ఒకదానిలో, ఏమీ వేయకుండా ఏటా దున్నిన చోటి గడ్డను ఇంకోదానిలో మెల్లగా వదలాలి. రెండోది చూస్తుండగానే కరిగి అడుగున చేరుతుంది. మొదటిది చాలాసేపు నిలుస్తుంది. వేర్లూ, సన్నని బూజు పోగులూ, సూక్ష్మజీవులు వదిలే జిగురూ దాన్ని పట్టి ఉంచుతాయి. అలాంటి నేలలో వాన నీరు ఇంకుతుంది, వేరుకు గాలి అందుతుంది.

అసలు పాఠం ఎరువు కుప్పది. అది మీటరు వెడల్పు, మీటరు ఎత్తు అయినా ఉండాలి. చిన్న కుప్పలో వేడి నిలవదు. రెండు మూడు వంతులు ఎండుటాకులు, ఒక వంతు పచ్చి ఆకులు, కూరగాయల తొక్కలు పొరలుగా వేసి, మధ్యలో పేడనీళ్లు చిలకరించి, పిడికెడు మట్టి చల్లాలి. నాలుగైదు రోజులకు కుప్పలో గుచ్చిన కర్రను బయటికి లాగి పట్టుకుంటే వేడి తెలుస్తుంది. లోపలి సూక్ష్మజీవులు పని చేస్తున్నాయని చెప్పడానికి ఇంతకు మించిన బొమ్మ ఏ పుస్తకంలోనూ దొరకదు. గుప్పెడు తీసి పిండితే రెండు మూడు చుక్కలు రాలాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు. ముక్కు పగిలే ఘాటు వాసన వస్తే పచ్చిది ఎక్కువైంది, ఎండుటాకులు కలపాలి. రెండు వారాలకోసారి తిరగేస్తే సుమారు మూడు నెలలకు ఎరువు తయారవుతుంది. అప్పుడది తొలకరి మట్టి వాసనే వేస్తుంది. నిజానికి చెడిన కుప్పే మంచి గురువు. కారణం వెతికి పిల్లలే సరిచేయాలి గనుక పెద్దలు తొందరపడి చెయ్యి పెట్టకూడదు. అదే కుప్ప పక్కన పాత నూలు గుడ్డ, పాలిథిన్ కవరు పాతి రెండు నెలలకు తవ్వి చూపితే, ఏది మట్టికి మేతో ఏది కాదో వేరే చెప్పనక్కర్లేదు. పేడ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం, చేతికి గాయముంటే ఆ రోజుకు దూరంగా ఉండడం తప్పనిసరి.

నేలను గుల్లచేసే వానపాముల గురించి డార్విన్ 1881లో ఒక పుస్తకమే రాశాడు. పిల్లలకు పుస్తకం అక్కర్లేదు, తడి ఆకుల కింద ఒకటి కనిపిస్తే చాలు.

అలసందో పెసరో విత్తి, నెల రోజులకు ఒక మొక్కను మట్టితో సహా పెళ్లగించి కడిగితే వేళ్లకు చిన్న బుడిపెలుంటాయి. గోటితో చీల్చినప్పుడు లోపల గులాబీ రంగు ఉంటే గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా అక్కడ పని చేస్తున్నట్టే. జనుము, జీలుగ, పిల్లిపెసర పెంచి పూతదశలో కలియదున్నడం వెనుక ఉన్న సంగతి ఇదే.

పొలానికి చెరువు మట్టి ఎందుకు తోలతారో రెండు కుండీలతో చూపవచ్చు. ఒకదానిలో ఒట్టి ఎర్ర దుబ్బ, ఇంకోదానిలో చెరువు మట్టి కలిపిన దుబ్బ నింపి, సమానంగా నీళ్లు పోసి, అడుగు చిల్లు నుంచి కారినది కొలవాలి. రెండోది ఎక్కువ నీరు పట్టి ఉంచుతుంది. చెల్క నేలల రైతులు ఎండిన చెరువుల్లోంచి ఆ మట్టిని బండ్లకెత్తింది అందుకే. చెరువుల పూడిక తీయడానికి తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ పూడిక మట్టి పొలాలకు చేరింది. గొర్రెల మందను రాత్రిళ్లు పొలంలో ఆపించుకోవడం మరో పద్ధతి: పెంటికలూ మూత్రమూ మోత ఖర్చు లేకుండా నేలకు చేరతాయి.

జీవామృతం కలపడం పిల్లలకు సరదా. 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు మట్టి వేసి రెండు రోజులు తిప్పుతారు. అయితే అది చివికిన ఎరువుకు బదులు కాదని చెప్పి మరీ కలిపించాలి.

జూన్‌లో బడి తెరవగానే కుప్ప వేస్తే దసరా నాటికి ఎరువు అందుతుంది. సమానమైన రెండు మడులు కట్టి, ఒకదానికే ఎరువు వేసి, రెండింటిలోనూ మెంతికూర, పాలకూర చల్లితే తేడా ఆకులో కనిపిస్తుంది. మరుసటి ఏడు కూడా ఆ మడులను కదిలించకూడదు. దిబ్బ ఎరువులోని సారం మొదటి పంటకు కొంతే అందుతుంది, మిగిలింది తరువాతి పంటలకు మెల్లగా దిగుతుంది.