ముట్టు అనే మాట

ఈ విషయం మీద మొదటిసారి రాసిచ్చినప్పుడు డెస్కులో ఒక పెద్దాయన నా కాపీలో 'ముట్టు' అన్న మాట కొట్టేసి 'ఆ మూడు రోజులు' అని దిద్దారు. "పొద్దున్నే కాఫీ తాగుతూ చదివే పేపరమ్మా ఇది" అన్నారు. ఏ పేపరో చెప్పను, ఆయన మంచివాడే. నిజం చెప్పొద్దూ, ఆ దిద్దుబాటు నాకూ హాయిగానే అనిపించింది. మా ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరన్నారు గనక? అమ్మ 'దూరంగా ఉన్నాను' అనేది. నాయనమ్మ 'కాకి తన్నింది' అనేది. నేనేమో పెరట్లోకి పోయి ఆ కాకి ఎక్కడుందా అని వెతికేదాన్ని.

బయట చేరింది, ఇంట్లో లేదు, తలకి పోసుకోవాలి... ఎన్ని చాటుమాటలో. నెలసరి అంటే పాఠ్యపుస్తకం వాసన. మొహమాటం లేనిది ముట్టు ఒక్కటే. ముట్టుకోకూడని రోజులకి ముట్టు అని పేరు పెట్టడం మన తమాషా. అంటు, మైల అనే మాటలు కూడా ఇక్కడివే. ఇంట్లో ఆడదాన్ని మూడు రోజులు పక్కన కూర్చోబెట్టిన మాటలతోనే, ఊరు వాడని ఏడాది పొడుగునా పక్కన పెట్టింది.

ఇది తెలిసి కూడా చాలాకాలం నేను రాసిందంతా గడప లోపలి కథే. వేరే కంచం, వేరే చాప, తాకకూడని ఆవకాయ జాడీ. 2018 సెప్టెంబరు 28న శబరిమల తీర్పు వచ్చాక వరసగా మూడు వారాలు గుడి మెట్ల దగ్గరే ఉండిపోయింది నా కాలమ్. అదేదో పెద్ద ధైర్యం అనుకున్నాను కూడా. ఓల్గా, జయప్రభ, కొండేపూడి నిర్మల లాంటివాళ్లు అంతకు చాలా ముందే శరీరం గురించి రాసి, బూతు రాతలనిపించుకున్నారు. 'నీలిమేఘాలు' సంకలనం వచ్చింది 1993లో. వాళ్లు తిట్లు తిన్న దారిలో నేను చెప్పులేసుకుని నడిచానంతే.

పల్నాడు వైపు మిరప కోతలకి వెళ్లినరోజు ఆ చెప్పులు ఊడాయి.

గట్టు మీద కూర్చుని అన్నం గిన్నె మూత తీస్తున్న ఒకావిడని అడిగాను, "అక్కా, మీ ఇంట్లో ముట్టైతే బయట కూర్చోబెడతారా?" అని. నవ్వింది. "కూర్చుంటే కూలెవరిస్తారమ్మా?" అంది. మరి చేలో ఎలా అంటే రెండు చేతులూ నా ముందు చాపింది. మిరప కోసిన చెయ్యి ఎంత కడిగినా మంట పోదు. ఆ చేత్తో బట్ట మార్చుకోవడం ఎలాగ? అందుకే మార్చుకునేది కాదట. పొద్దున కట్టుకున్నది మళ్లీ పొద్దుగూకి ఆటో దిగాకే. మంచినీళ్లు తాగితే ఒంటికి పోవాలి, చేలో చాటు లేదు, కాబట్టి నీళ్లు కూడా తాగేది కాదట.

నేను రాసుకుంటూ పోతున్నాను. మార్చుకునేదాన్ని కాదు, తాగేదాన్ని కాదు. ఆవిడ చెప్పినదంతా భూతకాలంలో ఉంది. మాటలతో బతికేదాన్ని, అది నా చెవికి ఎక్కలేదు. పక్కనున్నామె అంది: "దానికిప్పుడా గోలేం లేదమ్మా, సంచి తీయించేసుకుంది గదా."

ఎప్పుడని అడిగితే, రెండో పిల్ల బళ్లో చేరిన ఏడాదట. లెక్కేస్తే అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. తెల్లబట్ట అవుతోందని పోతే స్కానింగు తీసి, పుండు పడింది, వదిలేస్తే కాన్సరవుద్ది అన్నారట. చాలాసార్లు మందులతో తగ్గిపోయే జబ్బది. ఆపరేషన్ అయిన కొన్నాళ్ల నుంచీ ఒళ్లు ఆవిర్లు, నడుం నొప్పి. బస్తా ఎత్తలేదు. "పేరు రాయొద్దమ్మా" అంది. సిగ్గుపడి కాదు. బస్తా ఎత్తలేదని తెలిస్తే మేస్త్రీ పనికి పిలవడు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తర్వాతి సర్వేలోనూ రెండు రాష్ట్రాలూ ఎనిమిది శాతం పైనే ఉన్నాయి. ఆడవాళ్లు చెప్పిన కారణాల్లో అన్నిటికంటే ముందున్నది ముట్టులో రక్తం ఎక్కువగా పోవడం. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరకు కోత కూలీల గర్భసంచుల గురించి 2019లో దేశమంతా మాట్లాడింది, నేనూ ఒక వారం రాశాను, ఎక్కడో జరిగినట్టు. అవసరం లేని ఈ ఆపరేషన్లకి అడ్డుకట్ట వేసే మార్గదర్శకాలు అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఆ తీర్పు గురించి ఒక్క వారం కూడా రాయలేదు.

మొన్న పాత నోటుబుక్కులు కిందికి దించాను. మిరప చేలో ఆవిడ ఒక్కతే కాదు, పత్తి చేలల్లో, ఇటుక బట్టీల దగ్గర మాట్లాడినవాళ్లలో ఇంకో ముగ్గురి దగ్గర అదే భూతకాలం కనపడింది. 'కట్టుకునేదాన్ని', 'అయ్యేది'. ఎందుకు 'అయ్యేది' అని నేను అడగలేదు. నా చేతిరాత కింద గీత కూడా ఉంది, 'మైల' అన్న మాట కింద. అప్పట్లో నాకు కావలసింది అదీ.

పాఠకులకి ఒక మనవి. మీ ఇంట్లోగానీ, మీ ఇంట్లో పనిచేసేవాళ్లలోగానీ ఎవరికైనా గర్భసంచి తీయాలని డాక్టరు చెబితే, సంతకం పెట్టేముందు ఇంకో డాక్టరుకి చూపించండి, వీలైతే ప్రభుత్వాసుపత్రిలో. స్కానింగు రిపోర్టు అడిగి తీసుకోండి. అండాశయాలు కూడా తీస్తారా, ఉంచుతారా అని అడగండి. మిరప చేలో ఆవిడ దగ్గర ఆపరేషన్‌కి సంబంధించిన కాగితం ఒక్కటీ లేదు.