పగడపు దిబ్బల మీదికి ఏ పుస్తకం?

ముఖానికి అద్దం, నోట్లో గాలిగొట్టం పెట్టుకొని, నీటిపై బోర్లా తేలుతూ కింద ఉన్న పగడపు దిబ్బలను చూడటాన్ని స్నార్కెలింగ్ అంటారు. ఈత అంతగా రానివారు కూడా లైఫ్ జాకెట్ సాయంతో చేయగలిగిన పని కావడం వల్ల, అండమాన్‌కో లక్షద్వీప్‌కో మాల్దీవులకో వెళ్లే తెలుగు కుటుంబాలలో దీనికి ఆదరణ ఉంది. అలా చూసినవాటిని పోల్చుకోవడానికి పనికివచ్చేది ఫీల్డ్ గైడ్, అంటే ప్రాణిని పట్టకుండా, కోయకుండా, అది ఉన్నచోటనే చూసి ఏ జాతిదో తెలుసుకొనేందుకు రాసిన చేతిపుస్తకం. దుకాణంలో అన్నిటికంటే లావుగా, నిగనిగలాడే ఫొటోలతో ఉన్న పుస్తకం మీదికే కొనేవారి చేయి ముందుగా పోతుంది గాని, నీటిలో చూసినదాన్ని పోల్చుకోవడానికి సాధారణంగా ఎక్కువగా అక్కరకు వచ్చేది దానికన్నా పలుచటి పుస్తకమే.

సముద్ర జీవులను బొమ్మల ద్వారా గుర్తించే సంప్రదాయం ఫీల్డ్ గైడ్ కన్నా చాలా పాతది. 1719లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లూయీ రెనార్ ప్రచురించిన తూర్పు ఇండీస్ చేపల పుస్తకంలో రంగులు కళ్లు చెదిరేలా ఉంటాయి, కాని వాటిలో కల్పన పాలు ఎక్కువ. అందులో ఒక మత్స్యకన్య బొమ్మ కూడా చోటు చేసుకొంది. దీనికి పూర్తిగా భిన్నమైన క్రమశిక్షణ తెలుగు తీరంలోనే కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్, విశాఖపట్నంలో పడవల నుంచి దిగిన చేపలను స్థానికుల చేత చిత్రింపజేసి, వివరణలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువరించాడు. అందులో ఉన్నవి రెండు వందల చేపలు. వాటిలో ఎన్నింటికో రస్సెల్ జాలరుల నోట విన్న తెలుగు పేర్లనే ఇంగ్లీషు లిపిలో తనకు తోచిన అక్షరక్రమంలో పెట్టాడు. తరువాతి శాస్త్రవేత్తలు ఆ బొమ్మలనే ఆధారం చేసుకొని కొన్ని జాతులకు శాస్త్రీయ నామాలు ఇచ్చారంటే, ఆ చిత్రకారుల చేతి నిజాయితీ ఎంతటిదో అర్థమవుతుంది.

అయితే రస్సెల్ పుస్తకం ఒడ్డున పడి ఉన్న చేపను పరిశీలించేవారిది. వీపు రెక్కలో ముళ్లు ఎన్ని, పక్క గీత వెంట పొలుసులు ఎన్ని అని లెక్కించడం ఆ శాస్త్రం పద్ధతి, కాని నీటిలో కదిలే చేప ఆ లెక్కకు అందదు. సముద్రపుష్పాల చేతుల మధ్య దాగే నారింజరంగు క్లౌన్‌ఫిష్‌లలో ఒసెల్లారిస్ అనే జాతికి వీపు రెక్కలో సాధారణంగా 11 ముళ్లు, పెర్కులా అనే దానికి 10 ఉంటాయి. వాటిని నీటిలో ఎవరూ లెక్కపెట్టలేరు. కాని ఒసెల్లారిస్ అండమాన్ ప్రాంతపుదనీ, పెర్కులా న్యూగినీ, ఈశాన్య ఆస్ట్రేలియా జలాలదనీ పుస్తకం చెబితే సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది. పక్షుల విషయంలో ఈ మలుపు 1934లో రోజర్ టోరీ పీటర్సన్ గైడ్‌తో ప్రసిద్ధికెక్కింది: పోలికగల జాతులను పక్కపక్కన చూపి, తేడా ఉన్నచోటును మాత్రమే వేలుపెట్టి చూపడం. పగడపు చేపలకు ఆ తరహా పుస్తకాలు రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టాయి. కరీబియన్ చేపలపై 1989లో వచ్చిన పాల్ హ్యూమన్ పుస్తకం శాస్త్రీయ వర్గీకరణ వరుసను పక్కన పెట్టి, ఈతగాడి కంటికి తోచే ఆకారాన్ని బట్టి చేపలను గుంపులు చేసింది.

ఫొటోలు మేలా, చేతితో గీసిన బొమ్మలు మేలా అన్నది పాత చర్చ. 800కు పైగా కొత్త జాతులను వర్ణించి 2020లో కన్నుమూసిన జాన్ రాండల్, పట్టిన చేప రెక్కలను గుండుసూదులతో విప్పి, ఫార్మలిన్ పూసి బిగుసుకొనేలా చేసి ఫొటో తీసే పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చాడు. ప్రతి ముల్లు, ప్రతి మచ్చ స్పష్టంగా కనిపించే ఆ ఫొటోలు జాతి నిర్ణయానికి ప్రమాణాలు. మరోపక్క, నీటి అడుగున ఫ్లాష్ వెలుగులో తీసిన ఫొటోలో ఎరుపు మండుతూ కనిపిస్తుంది గాని, నీరు మొదట మింగేసేది ఎరుపునే కాబట్టి, పైన తేలే మనిషికి ఐదారు మీటర్ల కింద ఉన్న అదే చేప బూడిద రంగులో కనిపించవచ్చు. పైగా ఫొటో ఒకే చేపను, ఒకే క్షణంలో చూపుతుంది. చిత్రకారుడు పదుల చేపలను చూసి వాటి సామాన్య రూపాన్ని గీస్తాడు. లీస్కే, మయర్స్ అనే ఇద్దరి చేతిపుస్తకం రెండువేలకు పైగా జాతులను ఈ రకం బొమ్మలతోనే చూపగలిగింది. పోలికలు దగ్గరగా ఉండే కుటుంబాలకు గీసిన బొమ్మలే మేలు. రాతిలా నక్కి కూర్చునే స్టోన్‌ఫిష్ వంటివాటికి మాత్రం పరిసరంతో సహా తీసిన ఫొటోను మించినది లేదు.

ఎంపికలో అన్నిటికన్నా బరువైనది ప్రాంతం. హిందూ మహాసముద్రానికి, పసిఫిక్‌కు ఎన్నో ఉమ్మడి జాతులున్నా, కవలల్లాంటి జంటలు అడుగడుగునా మోసం చేస్తాయి. పసుపు ఒంటిమీద సన్నని ఊదా గీతలున్న కీటోడాన్ ట్రైఫాసియాటస్ అనే బటర్‌ఫ్లైఫిష్‌కు తోక మొదట్లో నారింజరంగు పట్టీ ఉంటుంది. పసిఫిక్‌లోని దాని జంట లూనులాటస్‌కు ఆ చోటు మసకబారిన నీలిబూడిద. పసిఫిక్ గైడ్ పట్టుకొని అండమాన్‌కు వెళ్లినవారు మొదటిదాన్ని చూసి రెండోదాని పేరు రాసుకొంటారు. అండమాన్ జలాలకు ఆగ్నేయాసియా ఛాయలు, లక్షద్వీప్‌కు మాల్దీవుల ఛాయలు ఉన్నందువల్ల, మన దేశమే అయినా రెండింటికీ ఒకే పుస్తకం సరిపోతుందనుకోవడం తొందరపాటు.

పుస్తకాన్ని దుకాణంలోనే పరీక్షించాలంటే పారట్‌ఫిష్ పుటలు తెరవాలి. చిలుక ముక్కులాంటి పళ్లతో పగడపు రాళ్లను గీకే ఈ చేపలలో చాలావాటికి మొదటి దశలో గోధుమ, బూడిద వంటి మట్టి రంగులు, చివరి మగదశలో మెరిసే నీలం, ఆకుపచ్చ ఉంటాయి. ఆడచేపలే కాలక్రమంలో మగవిగా మారడం వాటిలో సాధారణం. ప్రతి జాతికి రెండు దశలనూ చూపని గైడ్ మెరుగైన సగాన్ని మాత్రమే అమ్ముతున్నట్టు లెక్క. తరువాత ఎంపరర్ ఏంజెల్‌ఫిష్ పుట చూడాలి. పెద్ద చేపకు పసుపు నీలం అడ్డగీతలు, కళ్లకు నల్లటి గంత. పిల్లచేపకు ముదురు నీలం మీద ఒకదానిలో ఒకటి ఇమిడిన తెల్లటి వలయాలు. నిపుణులే ఇక్కడ బోల్తాపడ్డారు: 1787లో పెద్ద చేపకు పేరుపెట్టిన బ్లోఖ్ మరణానంతరం, ష్నైడర్ పూర్తిచేయగా 1801లో వెలువడిన ఆయన గ్రంథంలో, పిల్లచేపకు నికోబార్ పేరు కలిపిన మరో జాతి నామం ఉంది.

బొమ్మ ఎంత బాగున్నా పక్కన నాలుగు వాక్యాలు లేకపోతే చాలదు. నీలం మీద నల్లచార ఉన్న క్లీనర్ రాస్ అనే చిన్న చేప పెద్ద చేపల ఒంటిమీది పరాన్నజీవులను ఏరుకు తింటుంది; అచ్చం అదే వేషంలో వచ్చే ఆస్పిడాంటస్ అనే చేప, నమ్మి దగ్గరికొచ్చిన చేపల రెక్కలను కొరుకుతుంది. రంగుతో వీటిని విడదీయడం కష్టం. మొదటిదానికి నోరు మూతి చివర ఉంటే, రెండోదానికి మూతి కిందికి ఉంటుందన్న వాక్యం చదివినవారికి మాత్రమే మోసగాడు దొరుకుతాడు. నివాసం, లోతు, నడవడి చెప్పే వాక్యాలున్న పుస్తకాన్ని ఎంచుకోవాలనడానికి కారణం ఇదే. అందులోనూ స్నార్కెలింగ్ చేసేవారికి మొదటి కొద్ది మీటర్ల లోతులో దొరికేవే ముఖ్యం. నలభై మీటర్ల కింద బతికే అపురూప జాతులకు సగం పుటలు ఇచ్చిన గైడ్ స్కూబా వారికి వదిలేయవలసినది.

ముద్రణ సంవత్సరం కూడా చూడాలి. విశాఖ రస్సెల్ గౌరవార్థం శాస్త్రవేత్త బ్లీకర్ 1849లో లుట్జానస్ రస్సెలై అని పేరుపెట్టిన స్నాపర్ చేప ఇందుకు తగిన ఉదాహరణ. ఒకే జాతి అనుకున్న ఈ చేపలలో, ఒంటిమీద గోధుమ చారలుండే హిందూ మహాసముద్రపు రకం వేరే జాతి అని 2013లో తేలి, దానికి లుట్జానస్ ఇండికస్ అన్న పేరు వచ్చింది. అంతకుముందు అచ్చయిన గైడ్‌లలో అది పాత పేరుతోనే ఉంటుంది. దానివల్ల పాత పుస్తకం పనికిరాకుండా పోదు. పేరు మారినా చేప అదే.

నీటిలోకి పుస్తకం వెళ్లదు, ప్లాస్టిక్ కార్డు వెళ్తుంది. సామాన్యంగా కనిపించే కొద్ది జాతులున్న కార్డు మెడలోనో చేతికో కట్టుకొని, పెన్సిల్‌తో రాయగల చిన్న పలకపై ఆకారం, తోక, కంటి దగ్గరి గీతలు గుర్తుపెట్టుకొని, ఒడ్డుకొచ్చాక పుస్తకం తీయడం అనుభవజ్ఞుల పద్ధతి. పుస్తకంలో బొమ్మలు సాధారణంగా చేప పక్క భాగాన్ని చూపుతాయి గాని, తేలేవారు చూసేది ఎక్కువగా వీపునే. టేకు చేపలను పైనుంచి చూపిన గైడ్ ఈ సంగతి తెలిసినవారి పని. ప్రమాదకర జీవులను ఒకేచోట పెట్టిన పుటలు ఉండాలి. కోన్ శంఖాన్ని చేత పట్టరాదనీ, గూడు కాచే టైటన్ ట్రిగర్‌ఫిష్ తరిమితే పైకి కాక పక్కకు తప్పుకోవాలనీ చెప్పే రెండు వాక్యాలు వంద ఫొటోల పెట్టు. మన దేశంలో పగడాలకు, సముద్రపు గుర్రాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉందనీ, పగడపు ముక్క సంచిలో వేసుకోవడం నేరమనీ విదేశీ గైడ్ చెప్పదు కాబట్టి, అది పాఠకుడే తెలుసుకోవాలి.

పగడాల విషయంలో మాత్రం ఎక్కువ చెప్పే పుస్తకాన్నే అనుమానించాలి. ఒకే జాతి పగడం అలల తాకిడికి కురచగా, నిలకడ నీటిలో కొమ్మలు సాచి పెరగగలదు; చాలా జాతుల నిర్ణయానికి అస్థిపంజరంలోని సూక్ష్మ గుంతలను దగ్గరగా పరిశీలించాలి. కొమ్మల పగడం, బల్లపరుపు పగడం, మెదడు పగడం అన్నంతవరకు ఆగే గైడ్ తన హద్దు తెలిసినది; ఒక్కొక్క ఫొటో కింద జాతి పేరు ధీమాగా అచ్చేసినదాన్ని తిరిగి అరలో పెట్టేయవచ్చు.